యాభై ఆరో ఏట మళ్లీ పలక పట్టిన రామచంద్రం గారు

పందొమ్మిది వందల తొంభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెల పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీ గుండెల్లి రామచంద్రం గారు మాదాపూర్‌లోని మన సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. తొమ్మిదింబావుకు కుర్చీలోంచి లేచారు. నాటి నుంచి ఈ జనవరి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, ఇరవై ఆరున్నర సంవత్సరాల సుదీర్ఘ కాలంలో, ఆయన ఏకబిగిన అరగంటసేపు ఒకచోట కూర్చోగా చూసినవారు మన కార్యాలయంలో ఒక్కరూ లేరు. ఆయన ఆలోచన కాళ్లలో మొదలై తలకు ఎక్కుతుందని సహోద్యోగులు నవ్వుకునేవారు. ఆ మాటకు ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు, ఎందుకంటే అది పూర్తయ్యేలోపే ఆయన వరండా మలుపు తిరిగి వెళ్లిపోయి ఉండేవారు.

ఇటువంటి సంచికల్లో విరమణ పొందుతున్నవారి కీర్తిని మాత్రమే రాయడం మర్యాద. అయితే సంపాదక వర్గం ఈ వ్యాసానికి అనుమతి కోరినప్పుడు రామచంద్రం గారు నిలబడే ఒక షరతు పెట్టారు. రెండువేల ఇరవై రెండులో జరిగినది దాచకుండా రాయాలి, రాయలేకపోతే తమ ఫోటో కూడా వేయవద్దని. అందువల్ల కింద రాసినదంతా ఆయన స్వయంగా, చాయ్ కప్పు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పినదే.

బాలానగర్ పారిశ్రామికవాడలో లేతు యంత్రం మీద ముప్పై ఏళ్లు పనిచేసిన కీర్తిశేషులు పుల్లయ్య గారి రెండో కుమారుడు రామచంద్రం గారు. పాలిటెక్నిక్ పూర్తిచేసి, అదే వాడలోని ఒక కర్మాగారంలో పదేళ్లకు పైగా యంత్ర భాగాల డ్రాయింగులు గీసి, సాయంత్రపు తరగతుల్లో కంప్యూటరు నేర్చుకుని, ముప్పై మూడో ఏట మన సంస్థ మెట్లెక్కారు. అప్పటికి సైబర్ టవర్స్ చుట్టూ బండరాళ్లే ఎక్కువ, మనుషులు తక్కువ. తనకన్నా పదేళ్లు చిన్నవారి మధ్య కొత్తవాడిగా చేరి, ఐదేళ్లు తిరిగేసరికి వారందరికీ దారి చూపే స్థానానికి చేరుకున్నారంటే, అది ఆయన శ్రమకు దక్కిన ఫలం తప్ప ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

రెండువేల నాలుగులో ఆయన చేతుల మీదుగా రూపుదిద్దుకున్నదే దవాఖానాల ప్రయోగశాలల కోసం మనం నడుపుతున్న రక్త పరీక్షల సాఫ్ట్‌వేర్. కంప్యూటరు పని తెలియని కుటుంబ సభ్యుల కోసం దాన్ని నాలుగు మాటల్లో చెప్పాలి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో ప్రతి రోగి రక్త నమూనాకూ కంప్యూటరు జ్ఞాపకంలో ఒక డబ్బా ఉంటుంది. పేరు రాసేవారు ఆ డబ్బా తెరిచి పేరు రాస్తారు, పరీక్ష యంత్రం అందులోనే ఫలితం రాస్తుంది, ముద్రణ యంత్రం అందులోంచే చదివి నివేదిక అచ్చువేస్తుంది. ఆ రోజుల్లో కంప్యూటర్లకు జ్ఞాపకం చాలా తక్కువ. రామచంద్రం గారు ఒక ఉపాయం చేశారు. నివేదిక అచ్చుకు వెళ్లగానే ఆ డబ్బాను తుడిచి తరువాతి రోగికి ఇచ్చే ఏర్పాటు చేశారు. దానితో పని మూడింతలు వేగం అందుకుంది. నలభై మూడు ప్రయోగశాలలు మన వద్దకు వచ్చాయి. ఆయనకు ప్రధాన రూపకర్త అనే హోదా వచ్చింది. ఆ డబ్బాల ఏర్పాటును మనవాళ్లు రామచంద్రం డబ్బా అనే పిలిచేవారు, ఆయన కూడా కాదనేవారు కారు.

పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి. రెండువేల ఇరవై రెండు జులైలో, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో మొదటి నుంచి మళ్లీ రాయాలని యాజమాన్యం నిర్ణయించింది. విభాగాధిపతి రంగనాథ్ గారు రామచంద్రం గారిని గదిలోకి పిలిచి, ఎంతో గౌరవంగానే, ఆరు నెలల గడువు చెప్పారు. కొత్త పద్ధతి నేర్చుకుని, ఒక భాగాన్ని సొంతంగా రాసి, డిసెంబరులో జరిగే మదింపులో నెగ్గాలి. నెగ్గకపోతే స్వచ్ఛంద విరమణ కాగితాలు సిద్ధంగా ఉంటాయి. అప్పటికి ఆయనకు యాభై ఆరు నడుస్తోంది. ఇంట్లో ఇబ్బంది ఏమీ లేదు, అమ్మాయి పింకీ ఉద్యోగంలో కుదురుకుంది. కానీ చేతకాక ఇంటికి వెళ్లిపోయాడన్న మాట ఆయన భరించలేనిది. పని చేతిలో ఉండగానే, పనివాడిగానే ఇక్కడి నుంచి వెళ్లాలన్నది ఆయన పంతం.

గురువుగా ఆయనకు దొరికినది ప్రొద్దుటూరు అమ్మాయి ఆమని, వయసు ఇరవై ఏడు. ఆమె మొదటి రోజు చెప్పిన నియమం ఒక్కటే. ఒకసారి రాసినదాన్ని ఇక ఎవరూ దిద్దకూడదు. కొత్త ఫలితం వస్తే పాతదాన్ని అలాగే ఉంచి, ఫలితంతో కలిపి కొత్త ప్రతి తయారు చేయాలి. ఫంక్షన్లను తెలుగు మాధ్యమంలో చదివినవారు లెక్కల్లో ప్రమేయాలని నేర్చుకున్నారే, పని అంతా వాటితోనే నడవాలి. ప్రతి ప్రమేయమూ తనకు అందినది తీసుకుని, చేయవలసింది చేసి, ఇచ్చేసి ఊరుకోవాలి. పక్కవారి సరుకును తాకకూడదు, నిన్నటి సంగతి గుర్తుంచుకోకూడదు. వినడానికి ఇది చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. ఇరవై మూడేళ్లు డబ్బాలు తెరిచి రాయడం, కొట్టివేయడం, మళ్లీ రాయడం అలవాటైన చేతులకు మాత్రం అది నరకం.

ఆ జులై నుంచి అక్టోబరు దాకా ఆయన పడిన అవస్థ చూసినవారికే తెలుసు. పది పంక్తులు రాసి లేచేవారు. మెట్లు దిగి చాయ్ బండి దాకా వెళ్లి, తాగకుండానే తిరిగి వచ్చేవారు. లింగంపల్లిలో ఎక్కిన ఎంఎంటీఎస్‌లో కూర్చునే చోటు ఉన్నా తలుపు దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ, హైటెక్ సిటీ స్టేషన్ దాటిపోయాక తేరుకుని, బోరబండలో దిగి వెనక్కి వచ్చిన రోజులు నాలుగైదు ఉన్నాయి. చిన్నవారు రెండు వారాల్లో అందుకున్నది తనకు రెండు నెలలైనా ఎందుకు అందడం లేదో ఆయనకు అర్థమయ్యేది కాదు. వారికి మరచిపోవలసింది ఏమీ లేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆమని కూడా చెప్పలేదు.

ఆ దినాల్లోనే జరిగిన ఒక ముచ్చట శ్రీమతి ప్రశాంతి గారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. కొత్త అలవాటు ఇంట్లో కూడా ఉంటే తప్ప ఒంటికి పట్టదని రామచంద్రం గారు ఒక ఆదివారం నిశ్చయించారు. ఫ్రిజ్ మీద అంటించే సరుకుల చీటీలో ఇకపై కొట్టివేతలు నిషేధం. కందిపప్పు తెచ్చాక ఆ పేరు కొట్టేయకూడదు. అది లేని కొత్త చీటీ రాసి పక్కన అంటించాలి, పాతది అలాగే ఉండాలి. పదిహేను రోజులు తిరిగేసరికి ఫ్రిజ్ తలుపు, అలమారా, వంటింటి గోడ కాగితాలతో నిండిపోయాయి. ఏది తాజా చీటీయో తెలియక ఆయనే రెండుసార్లు చింతపండు తెచ్చారు. ప్రశాంతి గారు కాగితాలన్నీ పీకి ఆయన చేతిలో పెట్టి, ఇగ మీ చదువు ఆఫీసులనే చదువుకోండ్రి, నా వంటింట్ల కాదు అని తీర్పు చెప్పారు.

నవ్వుకున్నంతసేపు నవ్వుకున్నాం కానీ, గడువు దగ్గరపడుతున్నకొద్దీ ఆయన ముఖంలో రక్తం తగ్గింది. అక్టోబరు చివర్లో ఆయన ఒక పని చేశారు. ఆ పని ఆయన వంటి దిట్ట మాత్రమే చేయగలరు, ఆయన వంటి దిట్టే చేయకూడదు. కొత్త భాషలో కూడా అత్యవసరానికని మార్చడానికి వీలైన డబ్బా ఒకటి ఎక్కడో మూలన ఇచ్చి ఉంచుతారు. రామచంద్రం గారు ఆ డబ్బాను పట్టుకుని, తమ పాత ఏర్పాటునంతా దాని లోపల మళ్లీ కట్టేశారు. పైకి అన్నీ చక్కని ప్రమేయాలు, లోపల అదే తుడిచి వాడుకునే డబ్బా. అది అతిక్రమణ అని ఆయనకు తోచలేదు. తాను ఎట్టకేలకు నేర్చుకున్నానని మనస్ఫూర్తిగా నమ్మారు. డిసెంబరు మొదటి వారంలో జరిగిన ప్రదర్శనలో ఆ భాగం అందరి భాగాలకన్నా వేగంగా నడిచింది. చప్పట్లు కొట్టిన వారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు.

మదింపు సోమవారం. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం ఆమని ఆయన రాసినదంతా పంక్తి పంక్తీ చదివి, ఆయనను పక్కకు పిలిచి, ఆ డబ్బా ఎందుకని అడిగింది. వేగం కోసమని ఆయన అన్నారు. పద్దెనిమిదేళ్లుగా నడుస్తున్న ఏర్పాటని అన్నారు. నువ్వు చిన్నబడికి పోయేటప్పుడు రాసిన అని కూడా అన్నారు, ఆ మాటకు తరువాత చాలా రోజులు సిగ్గుపడ్డారు. ఆమని అంతా విని నెమ్మదిగా చెప్పింది.

“భాష కొత్తది సార్, పని పాతదే. మీరు ఏమీ నేర్చుకోలేదని నేను అనను, కానీ దీని మీద నేను సంతకం పెట్టలేను. రంగనాథ్ సార్‌కు నేనుగా చెప్పను కూడా. సోమవారం మీరే చూసుకోండి.”

ఆమె రంగనాథ్ గారికి చెబితే ఆయన ఓడిపోయేవారు. చూసీచూడనట్టు సంతకం పెడితే నెగ్గేవారు. ఎటూ ఆయనకు బాధ్యత తప్పేది. ఆమె ఆ వెసులుబాటు కూడా లేకుండా చేసింది. శనివారమంతా ఆయన ఇంట్లో ఏ గదిలోనూ నిలవలేకపోయారు. ఆదివారం ఉదయాన్నే, ఏ పనీ లేకుండానే, బాలానగర్ వెళ్లారు. అక్కడ ఆయన బావమరిది వీరేశం గారికి చిన్న ప్రెస్ షాపు ఉంది. ఇనుప రేకును అచ్చు కింద పెట్టి కొడితే డబ్బా మూతలు వస్తాయి, ఆ అచ్చును వారు డై అంటారు. ఆర్డరు ఉంటే అక్కడ ఆదివారం కూడా పనే. రామచంద్రం గారు కాసేపు చూసి, తయారైన మూత ఒకటి చేతిలోకి తీసుకుని, దీన్నే మళ్లీ పెట్టి ఇంకో కొలతకు కొట్టుకుంటే రేకు మిగులుతుంది కదా అని అడిగారు. వీరేశం గారు మిషను ఆపి ఆయన వంక వింతగా చూశారు.

“ఏంది బావా, డైకి నిన్నటి రేకు యాదికుంటదా? కొత్త రేకు పెడ్తే కొత్త మూత ఇస్తది, అంతే దాని పని. ఒకపారి కొట్టిన మూతను మల్ల దాని కింద పెట్టినవనుకో, మొదటి గీతలు పోవు. పాత కొలత మీద కొత్త కొలత పడ్తది. చూసేటోనికి మూతనే అనిపిస్తది, డబ్బకు మాత్రం కూసోదు.”

పాత కొలత మీద కొత్త కొలత. రామచంద్రం గారు మూత అక్కడే పెట్టేసి, తినమన్న అన్నం కూడా తినకుండా, ఆటో ఎక్కి నేరుగా కార్యాలయానికి వచ్చారు. ఇన్నాళ్లూ తన ఏర్పాటు ఎంత వేగంగా నడుస్తుందోనని మాత్రమే ఆయన పరీక్షించారు. ఆ మధ్యాహ్నం ముద్రణను కావాలని ఆలస్యం చేసి, నలభై వేల ఉత్తుత్తి నమూనాలు ఒకదాని వెంట ఒకటి పంపారు. ముద్రణ యంత్రం చదవడం పూర్తికాకముందే డబ్బా తుడిచి తరువాతి రోగికి ఇస్తే ఏమవుతుందో చూశారు. నలభై వేలలో మూడు నివేదికల్లో ఒకరి పేరు కింద ఇంకొకరి ఫలితం వచ్చింది.

కొత్తదానిలో ఉంటే పాతదానిలో కూడా ఉండాలి. ఆ పాతది ఆ క్షణాన నలభై మూడు ప్రయోగశాలల్లో నడుస్తోంది. పాత ఫిర్యాదుల జాబితా తెరిచి ఒక్కొక్కటే వెతుకుతూ పోతే, రెండువేల పదిహేను సెప్టెంబరు నాటిది ఒకటి దొరికింది. నగర శివారులోని ఒక దవాఖాన ప్రయోగశాల నుంచి కొమురమ్మ అనే సాంకేతికురాలు రాశారు. డెంగీ జ్వరంతో ఉన్న ఒక పాప నివేదికలో ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయని వచ్చిందని, తాను కళ్లారా చూసినది వేరని, ఆ ఫలితం పాప తరువాత పరీక్ష చేసిన పెద్దాయనదని. దాని కింద జవాబు కూడా ఉంది. మా వద్ద ప్రయత్నించగా ఈ దోషం కనబడలేదు, యంత్రం నడిపినవారి పొరపాటు కావచ్చు, ఫిర్యాదు మూసివేయడమైనది. సంతకం, గుండెల్లి రామచంద్రం.

సోమవారం మదింపు సభలో ఆయన కోసం సిద్ధం చేసిన ప్రశంసా వాక్యాలను రంగనాథ్ గారు చదవబోతుండగా రామచంద్రం గారు లేచి నిలబడ్డారు. డబ్బా సంగతి, మూడు నివేదికల సంగతి, పదిహేనులో తాను మూసిన ఫిర్యాదు సంగతి, ఏదీ వదలకుండా చెప్పారు. తన భాగాన్ని తిరస్కరించాలని, అంతకన్నా ముందు ప్రయోగశాలలన్నింటికీ కబురు పంపాలని కోరారు. రంగనాథ్ గారు చేతిలోని కాగితం కింద పెట్టి, తగ్గిన గొంతుతో అన్నారు.

“ఇది మీరు చెప్పకపోయినా నడిచిపోయేది కదా సార్.”

“నడిచింది సార్. పద్దెనిమిదేండ్ల సంది నడుస్తనే ఉన్నది. నా పరేషానంత అదే.”

మూడు రోజుల్లో పాత సాఫ్ట్‌వేర్‌లో డబ్బాలను తిరిగి వాడే ఏర్పాటును నిలిపివేశారు. దాని వేగం పడిపోయింది. ప్రయోగశాలలన్నింటికీ లేఖలు వెళ్లాయి, రెండు ప్రయోగశాలలు మనతో తెగతెంపులు చేసుకున్నాయి. రామచంద్రం గారు మదింపులో ఓడిపోయారు. ప్రధాన రూపకర్త హోదా పోయింది. విరమణ కాగితాలు బల్ల మీదకు వచ్చిన రోజున ఆమని రంగనాథ్ గారి గదికి వెళ్లి, సార్‌కు నేర్పడం నాకు ఇంకా అయిపోలేదు అని మాత్రం చెప్పి వచ్చింది. ఆమె బృందంలో, ఆమె కింద, మామూలు ఇంజనీరుగా ఉండటానికి ఇష్టమేనా అని ఆయనను అడిగారు. ఆయన ఆ కొత్త ఉద్యోగపు కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టారు.

అంతకన్నా కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. జనవరిలో ఒక శనివారం ఆయన కొమురమ్మ గారిని వెతుక్కుంటూ వెళ్లారు. పొరపాటు నడిపినవారిదేనన్న ఆ జవాబు చూసి దవాఖానవారు ఆమెను పరీక్ష యంత్రం దగ్గరి నుంచి తప్పించి, రక్తం తీసే బల్ల దగ్గర వేశారు. ఏడేళ్లుగా అక్కడే ఉన్నారు. పాపను కాపాడింది కూడా ఆమే. నివేదికను నమ్మకుండా తానే మళ్లీ పరీక్ష చేసి వైద్యులకు చూపించారు. రామచంద్రం గారు చెప్పినదంతా ఆమె చేతి తొడుగులు తీయకుండానే విన్నారు. కోప్పడలేదు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటారు.

“తప్పు అందరికి అయితది సార్. నేను ఏం చూసిననో అడిగెతందుకు మీ దిక్కుకెళ్లి ఒక్క ఫోన్ రాలే. గదే నాకు యాదికున్నది.”

ఆమెను తిరిగి యంత్రం దగ్గరకు తీసుకోవాలని మన సంస్థ తరఫున లేఖ వెళ్లింది, ఆ దవాఖానవారు మన్నించారు. మన కార్యాలయంలో మాత్రం ఆ రోజు నుంచి ఒక కట్టుబాటు ఏర్పడింది. ఫిర్యాదు రాసిన మనిషితో స్వయంగా ఫోనులో మాట్లాడకుండా ఎవరూ దాన్ని మూయకూడదు. ఇటీవల చేరినవారు ఇది ఎప్పటి నుంచో ఉన్న నియమమని అనుకుంటున్నారు.

తదుపరి మూడేళ్లలో రామచంద్రం గారు నిజంగా నేర్చుకున్నారు. నమూనా గొట్టం మీద అంటించే పేరు చీటీ తయారుచేసే అతి చిన్న భాగంతో మొదలుపెట్టి, నివేదికలన్నీ ఒక ప్రమేయం నుంచి ఇంకో ప్రమేయానికి, ఏదీ దేన్నీ దిద్దకుండా సాగే పెద్ద భాగం దాకా రాశారు. తొందర తగ్గలేదు, నడక ఆగలేదు. కాకపోతే ఇదివరకు సమాధానం దొరికిందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చే మనిషి, ఇప్పుడు సందేహం వచ్చిందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చేవారు. కొత్తగా చేరిన పిల్లలు ఆయన పాత హోదా ఏమిటో తెలియకుండానే ఆయన బల్ల చుట్టూ మూగేవారు. వారికి ఆయన పాఠం చెప్పే ముందు తాము ఏ పొరపాటు చేశారో చెప్పేవారు. ఇదంతా రాస్తున్న మాకు గర్వంగా ఉంది. ఆ మనిషి లేని వరండాను తలచుకుంటే దిగులుగా కూడా ఉంది.

ఈ నెల మొదటి వారంలో ఆయన తమ పనులన్నీ ఒక్కొక్కటిగా ఇతరులకు అప్పగించారు. జాబితాలో ఒక్కటి మిగిలింది. రెండువేల పదిహేను నాటి ఆ ఫిర్యాదును ఆయన మదింపు జరిగిన డిసెంబరులోనే తమ పేరుమీద తిరిగి తెరిచి ఉన్నారు. దోషం ఎప్పుడో తొలగినా, మూసే హక్కు తమకు లేదని మూడేళ్లుగా అలాగే ఉంచారు. కొమురమ్మ గారికి ఫోన్ చేసి, నేను పోతున్న, ఇగ మూయమంటవా అమ్మా అని అడిగారు. ఉండనీ సార్, కొత్తగొచ్చేటోళ్లు చూస్తరు అని ఆమె అన్నారు. ఆమని దాన్ని తన పేరుకు మార్చుకుంది.

శ్రీ రామచంద్రం గారూ, మీరు శ్రీమతి ప్రశాంతి గారితో, చిరంజీవి పింకీతో, చెదరని ఆరోగ్యంతో, కాళ్లలో ఓపిక సడలకుండా, కంటి నిండా నిద్రతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మన సంస్థలోని ప్రతి ఒక్కరి పక్షాన మనసారా కోరుకుంటున్నాం. మీరు మూయకుండా వెళుతున్న ఆ ఒక్క ఫిర్యాదు అంతకన్నా ఎక్కువ కాలం ఇక్కడ తెరిచే ఉంటుందని మాట ఇస్తున్నాం.